వరంగల్ దిక్కు డేటా సెంటర్ వస్తే నీళ్లు ఎక్కడియి, కరెంటు ఎక్కడిది? లెక్కలతో మాట్లాడుకుందాం

ధర్మసాగర్‌కట్ట

హైదరాబాద్ చుట్టూ మేకగూడ, చందన్‌వెల్లి వైపు డేటా సెంటర్లు వచ్చి చాన్నాళ్లయింది. 2022 నవంబర్‌లో అమెజాన్ తన హైదరాబాద్ రీజియన్ (డేటా సెంటర్ల సమూహం) మొదలుపెట్టింది. 2025 అక్టోబర్‌లో విశాఖపట్నానికి గూగుల్ 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. మన దిక్కు చూస్తే మడికొండలో ఐటీ పార్కు ఉంది, 163వ నంబరు జాతీయ రహదారి ఉంది, చెల్పూరు, రామగుండం పవర్ ప్లాంట్లు దగ్గర. రేపు హన్మకొండ, వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో ఏదో ఒక ఊరి గ్రామసభ ముందుకు ఈ ప్రతిపాదన వస్తే ఏం అడగాలో ఇప్పుడే తెలిసి ఉండాలి.

ఒక దిక్కు "రోజుకు కోట్ల లీటర్లు తాగుతుంది" అంటున్నారు, ఇంకో దిక్కు "చుక్క నీరు వాడదు" అంటున్నారు. రెండూ ఒప్పుకోబుద్ధి కావడం లేదు. 30 మెగావాట్ల సర్వర్ లోడు అనుకుని లెక్క వేద్దాం. ఈ ఫోరమ్‌లో ఎవరు ఏ అంకె చెప్పినా అది ఎట్లా వచ్చిందో కూడా రాయండి.

చిల్లర్‌రూమ్

మొదట మూలం. సర్వర్‌కు పోయిన కరెంటు అంతా చివరికి వేడిగానే బయటికి వస్తుంది. 30 మెగావాట్లు 24 గంటలు నడిస్తే 7.2 లక్షల యూనిట్ల వేడి. నీటితో చల్లబరిచే చిల్లర్ (సర్వర్ల వేడిని లాగే పెద్ద శీతల యంత్రం) పెడితే దాని కంప్రెసర్ చేసే పని కూడా వేడిగా కలుస్తుంది. 15 శాతం వేసుకోండి, 8.28 లక్షల యూనిట్లు. ఇదంతా కూలింగ్ టవర్ మీద ఆవిరి రూపంలో గాలిలోకి పోవాలి.

ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,430 కిలోజౌళ్లు కావాలి. ఒక యూనిట్ అంటే 3,600 కిలోజౌళ్లు. భాగిస్తే యూనిట్ వేడికి 1.48 లీటర్లు. అంటే రోజుకు 12.3 లక్షల లీటర్లు ఆవిరికే.

అది ఒక్కటే కాదు. నీరు ఆవిరవుతుంది గానీ అందులోని ఉప్పులు తొట్టిలోనే మిగులుతాయి. అవి చిక్కబడి కండెన్సర్ ట్యూబుల లోపల ఉప్పుపొర కట్టకుండా కొంత నీటిని ఎప్పటికప్పుడు వదిలేయాలి. దీన్నే బ్లోడౌన్ అంటాం. ఉప్పులు నాలుగింతలు అయ్యేదాకా తిప్పుకుంటే ఆవిరైన నీటిలో మూడో వంతు బ్లోడౌన్ అవుతుంది, ఇంకో 4.1 లక్షలు. మొత్తం 16 లక్షల లీటర్ల పైచిలుకు. ఇది ఎండాకాలపు రోజు లెక్క. చలికాలంలో, ముసురు రోజుల్లో కొంత వేడి ఆవిరితో పని లేకుండానే గాలిలో కలుస్తుంది కాబట్టి సంవత్సర సగటు తగ్గుతుంది. ప్రపంచంలో ఎక్కువగా చెప్పే సగటు సర్వర్ యూనిట్‌కు 1.8 లీటర్లు, ఆ లెక్కన రోజుకు 13 లక్షలు.

కాబట్టి ఈ సైజుకు "కోట్ల లీటర్లు" తప్పు. "చుక్క నీరు వాడదు" అన్నది ఏ పద్ధతిలో నిజమో, ఏ పద్ధతిలో కాదో తర్వాత రాస్తాను.

మత్తడి

చిల్లర్‌రూమ్ అన్న లెక్కను మన భాషల పెడుత. రోజుకు 13 లక్షలు అంటే ఏడాదికి 47 కోట్ల లీటర్లు. ఒక టీఎంసీ అంటే 2,832 కోట్ల లీటర్లు. అంటే టీఎంసీల అరవయ్యో వంతు. ఒక టీఎంసీకి 10 వేల ఎకరాల వరి అని మోటుగ లెక్క వేస్తం గద, ఎకరానికి 28 లక్షల లీటర్లు పడ్తది. గా లెక్కన ఈ డేటా సెంటర్ ఏడాదంత తాగేది దాదాపు 170 ఎకరాల ఒక్క పంట నీళ్లు.

లోయర్ మానేరు 24 టీఎంసీల డ్యాం. అండ్లకెళ్లి తీస్తే ఇది కనపడది. గ్రామసభల "మా నీళ్లన్ని తాగుతది" అని లేస్తే అవతలోడు ఇదే అంకె తీసి చూపిచ్చి మాట్లాడనియ్యడు. అందుకే ముందుగాలనే చెప్తున్న, మొత్తం మీద గొడవ పెట్టుకోవద్దు.

బోరుపాయింట్

మత్తడి గారు చెప్పిన దాంట్లోనే అసలు విషయం ఉంది. మొత్తం చిన్నదే. ఎక్కడి నీరు, ఏ నెలలో నీరు అన్నదే ప్రశ్న.

కాల్వ లేదా మిషన్ భగీరథ పైపు నుంచి ఇస్తామంటే ఒక కథ. అది అందకపోతే, లేదా ఆలస్యమైతే, వెంటనే చేతికి దొరికేది బోరు. వరంగల్ చుట్టూ ఉన్నది గ్రానైటు, నైస్ రాయి. పైన 10 నుంచి 20 మీటర్ల వరకు మెత్తబడిన రాయి, అందులో కొంత నీరు నిలుస్తుంది. దాని కింద గట్టి రాయి, నీరంతా పగుళ్లలోనే. ఇసుక నేలల్లో లాగా అన్ని దిక్కుల నుంచీ ఊరదు.

మంచి బోరు గంటకు 5,000 లీటర్లు, రోజుకు 8 గంటలు అనుకుంటే 40,000 లీటర్లు. 16 లక్షలకు అలాంటి బోర్లు 40 కావాలి. రైతు మోటారు కొన్ని గంటలు నడిచి ఆగుతుంది, ఆగినప్పుడు పగుళ్లలోకి నీరు తిరిగి చేరుతుంది. డేటా సెంటర్ అవసరం రాత్రీపగలూ ఒకటే. బోరు ఆగకపోతే పైన మెత్తటి రాయిలో నిలిచిన నీరు మెల్లగా దిగిపోతుంది. ముందు ఎండేది 30, 40 అడుగుల పాత బావులు, చేదబావులు. లోతు బోర్లలో మార్పు కనపడడానికి ఒక్కోసారి రెండు ఎండాకాలాలు పడుతుంది, అప్పటికి కారణం ఫలానా అని చూపించడం కష్టం.

టాంకర్ల మాట కూడా చెప్పాలి. 10,000 లీటర్ల టాంకర్లతో 16 లక్షలంటే రోజుకు 160 ట్రిప్పులు. పొద్దున 6 నుంచి రాత్రి 10 వరకు ప్రతి ఆరు నిమిషాలకు ఒక టాంకరు ఊరి రోడ్డు మీద. ఆ టాంకర్లు నింపేది మళ్లీ పక్క ఊరి వ్యవసాయ బోరులోనే. కాబట్టి "మా ప్రాంగణంలో బోరు వేయం" అన్న హామీ చాలదు. "టాంకరు నీరు కూడా కొనం" అని కలిపి రాయించుకోవాలి.

వాల్టా (నీరు, భూమి, చెట్ల సంరక్షణ) చట్టం, 2002 ప్రకారం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు వేరే అవసరానికి బోరు వేయకూడదు. ఊరి రక్షిత నీటి పథకం బోరు ఎక్కడుందో సర్వే నంబరుతో సహా పంచాయతీ దగ్గర రాసి ఉంచుకోండి.

చిల్లర్‌రూమ్

"క్లోజ్డ్ లూప్, నీటి వినియోగం శూన్యం" అని కరపత్రంలో కనపడితే ఒకే ప్రశ్న అడగండి: బయట వేడి దేని మీద వదులుతున్నారు?

సర్వర్ దగ్గర తిరిగే నీరు ఎప్పుడైనా క్లోజ్డ్ లూపే. ఒకసారి నింపితే ఏళ్ల తరబడి అదే తిరుగుతుంది. ఆ వేడిని బయటికి నెట్టే రెండో లూపు కూలింగ్ టవర్‌కు పోతే పైన చెప్పిన 16 లక్షలు తప్పవు. గాలితో చల్లబరిచే చిల్లర్‌కో, డ్రై కూలర్‌కో (ఫ్యాన్ గాలితోనే చల్లబరిచే రేడియేటర్) పోతే నీటి ఖర్చు నిజంగానే చాలా తక్కువ.

మధ్యలో ఇంకో రకం ఉంది, దాన్ని జాగ్రత్తగా చూడాలి. ఏఐ సర్వర్లలో చిప్ మీదికే నీటి ప్లేటు పెడతారు. ఆ నీరు 40, 45 డిగ్రీల దగ్గర ఉన్నా పని నడుస్తుంది, అందుకే చిల్లర్ లేకుండా డ్రై కూలర్ చాలంటారు. డ్రై కూలర్ నుంచి నీరు బయటి గాలి కంటే 6 నుంచి 8 డిగ్రీలు ఎక్కువ వేడితోనే వస్తుంది. చలి దేశాల్లో ఇబ్బంది లేదు. వరంగల్‌లో మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీలు. పైకప్పు మీద వరుసగా పెట్టిన కూలర్లు తమ వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటే అక్కడ 47, 48 కూడా అవుతుంది. నీరు 52 దాటి వస్తుంది. అప్పుడు ఏం చేస్తారు? కూలర్ ముందు తడి ప్యాడ్లు పెట్టి నీరు చల్లుతారు, మన ఇంట్లో గడ్డి కూలర్ పద్ధతే. దీన్ని అడియబాటిక్ అంటారు.

ఇలాంటి ప్లాంటు సంవత్సర సగటు చూస్తే చాలా బాగుంటుంది, పది నెలలు చుక్క వాడదు. వాడేదంతా ఏప్రిల్, మే నెలల్లోనే. కాబట్టి దరఖాస్తులో సంవత్సర సగటు కాకుండా "అత్యంత వేడి రోజున ఎన్ని వేల లీటర్లు" అన్న అంకె అడగండి. 

ఫీడర్‌బ్రేకర్

గాలితోని చల్లబరిస్తే నీళ్లు మిగులుతయ్ అనుడు సగం మాటే అన్నా. కరెంటు ఎక్కువ గుంజుతది. గా కరెంటు రామగుండంల, చెల్పూరుల, మంచిర్యాల దిక్కు జైపూర్‌ల బొగ్గు కాలిస్తే వస్తది. 2017కు ముందటి బొగ్గు ప్లాంటుకు యూనిట్‌కు 3.5 లీటర్ల దాక నీళ్లు వాడుకోవచ్చని 2015 నోటిఫికేషన్. నీళ్లు ఇక్కడ మిగిలి గోదారి దగ్గర పోతయ్, గంతే.

చిల్లర్‌రూమ్

లెక్క వేసి చూద్దాం తమ్మీ. నీటి చిల్లర్‌తో పీయూఈ (సర్వర్లకు పోయే ఒక్కో యూనిట్‌కు ప్లాంటు మొత్తం గుంజే యూనిట్లు) 1.35 అనుకో, గాలి చిల్లర్‌తో 1.5. తేడా 0.15, అంటే 4.5 మెగావాట్లు, రోజుకు 1.08 లక్షల యూనిట్లు. 3.5 తో గుణిస్తే ప్లాంటు దగ్గర 3.8 లక్షల లీటర్లు ఎక్కువ. ఇక్కడ మిగిలేది 13 లక్షలు. పోయేదానికంటే మిగిలేది మూడింతలకు పైనే. మన లాంటి రాతి నేలలో గాలి చిల్లరే నయం అన్నది నా మాట, కరెంటు ఖర్చు కంపెనీ భరించాలి.

నువ్వు చెప్పిన దాంట్లో పెద్ద అంకె ఇంకొకటి ఉంది. నీటి చిల్లర్‌తో అయినా మొత్తం 40.5 మెగావాట్లు, రోజుకు 9.72 లక్షల యూనిట్లు. అదంతా బొగ్గు కరెంటే అయితే గోదావరి ఒడ్డున దాదాపు 34 లక్షల లీటర్లు. ప్రాంగణంలో వాడే నీటికి రెండింతలు మించి, కనపడకుండా.

ఫీడర్‌బ్రేకర్

ఒప్పుకున్న, నా లెక్క సగంలనే ఆగింది. గట్లయితే సోలార్ గురించి గూడ చెప్పుకోవాలె. 40 మెగావాట్లు రాత్రీపగలు ఒక్క తీరుగ గుంజే లోడుకు ఏడాది మొత్తంల సరిసమానం చెయ్యాలంటే 190 మెగావాట్ల దాక సోలార్ పెట్టాలె, ఎందుకంటే మన దగ్గర సోలార్ ప్లాంటు సగటున తన కెపాసిటీల 22 శాతం లోపే ఇస్తది. మెగావాట్‌కు నాలుగు ఎకరాలన్న 760 ఎకరాలు. రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద తేలే సోలార్ 100 మెగావాట్లది ఉన్నది, గసొంటియి రెండు కావాలె. అయినా రాత్రి మళ్ల బొగ్గే.

ఇగ ఊరి కరెంటు సంగతి. చాన మంది "డేటా సెంటర్ వస్తే మా మోటర్లు కాలుతయ్" అంటరు. కాంట్రాక్ట్ డిమాండ్ (కంపెనీ రాయించుకునే లోడు) 10,000 కేవీఏ దాటితే విడి ఫీడరైనా 33 కేవీల ఇయ్యరు, 132 లేకపోతే 220 కేవీ తీసుకోవాలె. మన లెక్కల 43,000 కేవీఏ అయితది. అంటే మీ ఊరి 11 కేవీ లైనుతోని దానికి సంబంధమే లేదు. మోటర్ దగ్గర 340 వోల్టులే వస్తున్నయంటే లైన్ పొడుగున్నది, లేకపోతే డీటీఆర్ (ఊరి ట్రాన్స్‌ఫార్మర్) మీద కెపాసిటీకి మించి మోటర్లున్నయ్. గది వేరే పంచాయితీ.

సంబంధం ఉన్న జాగలు మూడు. ఒకటి, కట్టేటప్పుడు. బిల్డింగ్ లేసే ఏడాదిన్నర, రెండేళ్లు టెంపరరీ సప్లై కావాలె, కాంక్రీట్ ప్లాంటు, క్రేన్లు, వెల్డింగ్ మిషన్లు అన్నీ దాని మీదనే. అది ఊరి 11 కేవీ ఫీడర్ మీద ఇస్తే యాసంగిల వోల్టేజ్ పడిపోతది. టెంపరరీ సప్లై గూడ సబ్‌స్టేషన్ కాడికెళ్లి విడి ఫీడర్ మీదనే ఉండాలని ఎన్‌పీడీసీఎల్ (మన దిక్కు కరెంటు పంపిణీ సంస్థ)కు ముందే రాయాలె.

రెండు, పైన ఉన్న 220/132 ట్రాన్స్‌ఫార్మర్లు. ఉదాహరణకు 100 ఎంవీఏవి (ఎంవీఏ అంటే వెయ్యి కేవీఏ) మూడున్నయి అనుకోండి. ఒకటి ట్రిప్పయితే మిగిలిన రెండే మోయాలె, అంటే లెక్కకు 200. ఫిబ్రవరి, మార్చిల వరి పొట్టకొచ్చేటప్పుడు ఇప్పటికే 150 పోతున్నదంటే, ఇంకో 43 కలిస్తే 193. ఒక్క చిన్న ఎండ పెరిగితే కోత పడేది ఎవలకు? వ్యవసాయ ఫీడర్లకే. రాష్ట్రం మొత్తం డిమాండ్ 2025 మార్చిల 17,000 మెగావాట్లు దాటింది, గదే నెలల. అందుకని ట్రాన్స్‌ఫార్మర్ పెంచినంకనే లోడ్ రిలీజ్ చెయ్యాలె, ముందు గాదు.

మూడోది ఎవలు చెప్పరు. వోల్టేజ్ ఒక్క క్షణం ఊగితే డేటా సెంటర్లు తమంత తాము గ్రిడ్ విడిచి యూపీఎస్, డీజిల్ మీదికి పోతయ్. 2024 జులైల అమెరికా వర్జీనియాల 230 కేవీ లైన్ల లోపమొస్తే దాదాపు 1,500 మెగావాట్ల డేటా సెంటర్ లోడు ఒక్కపాలే పోయింది. లోడు పోతే వోల్టేజ్ పైకి లేస్తది. 40 మెగావాట్లకు గ్రిడ్ కూలదు, కానీ పక్కన 132 సబ్‌స్టేషన్ మీదున్న ఊర్లకు స్టార్టర్లు పడిపోవుడు కనపడ్తది. ఎంత వోల్టేజ్ పడితే, ఎన్ని సెకన్లకు విడిచిపెట్టాలె, తిరిగి మెల్లగ ఎట్ల ఎక్కాలె అన్నది ఒప్పందంల రాయించాలె. రాయకపోతే కంపెనీ తన పరికరాన్ని కాపాడుకునే సెట్టింగే పెట్టుకుంటది.

మత్తడి

132 లైన్ వస్తే కింది భూమి సంగతేంది?

ఫీడర్‌బ్రేకర్

132 కేవీకి 27 మీటర్ల వెడల్పు జాగ. 10 కిలోమీటర్ల లైనైతే 27 హెక్టార్లు, 67 ఎకరాలు. దున్నుకోవచ్చు, నాటు వేసుకోవచ్చు. తాటిచెట్లు, టేకు, మామిడి ఉంచరు. తాటివనం మీదికెళ్లి పోతే గీతన్నల బతుకు పోతది, పరిహారం లెక్కల భూమి పట్టాదారు పేరే ఉంటది తప్ప గీసేటోని పేరు ఉండది. చెట్ల పంచనామాల గీత సంఘం పేరు రాయించాలె. కేంద్ర విద్యుత్ శాఖ 2024 జూన్ మార్గదర్శకాల ప్రకారం టవర్ గద్దె జాగకు భూమి విలువల 200 శాతం, తీగెల కింది జాగకు 30 శాతం. రాష్ట్రం వేసే లైన్లకు రాష్ట్రం ఉత్తర్వు ఏమున్నదో చూసుకోని సర్వే రోజే అడగాలె. టవర్ లేసినంక ఎవలూ మాట వినరు.

నీటిపరీక్ష

బ్లోడౌన్ గురించి చిల్లర్‌రూమ్ గారు రెండు వాక్యాల్లో వదిలేశారు. నా దృష్టిలో ఊరికి ఎక్కువ నష్టం అక్కడే, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

రోజుకు 4 లక్షల లీటర్లు బయటికి వస్తాయి కదా. మన బోరు నీటి టీడీఎస్ (లీటరులో కరిగిన ఉప్పులు, మిల్లీగ్రాముల్లో) 700 అనుకుందాం, ఇది ఇక్కడ మామూలే. నాలుగింతలు చిక్కబడితే 2,800. బయటికి వదలడానికి పరిమితి 2,100. అంటే నాలుగు సైకిల్స్ (ఉప్పులు నాలుగింతలు అయ్యేదాకా) నడిపితే వదలడానికి వీల్లేదు. మూడు సైకిల్స్‌కు దించితే సరిగ్గా 2,100, అంచు మీద ఉంటుంది. పైగా బ్లోడౌన్ ఆవిరిలో సగం అవుతుంది, అంటే 6 లక్షల లీటర్లు. నీరు పొదుపు చేస్తే ఉప్పు ఎక్కువ, ఉప్పు తగ్గిస్తే నీరు ఎక్కువ.

ఫ్లోరైడ్ ఇంకా చెడ్డది. తాగునీటికి లీటరుకు 1.0 మిల్లీగ్రాము మేలు, వేరే వనరు లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. 1.5 ఉన్న బోరు నీటిని నాలుగింతలు చేస్తే 6. ఇది చెరువులో కలిస్తే ఎండాకాలం చెరువు ఇంకినకొద్దీ ఇంకా పెరుగుతుంది. గ్రానైటు నీటిలో సిలికా కూడా ఉంటుంది. తొట్టిలో సిలికా 150 మిల్లీగ్రాములు దాటితే ట్యూబుల మీద గాజులాంటి పొర కడుతుంది, యాసిడ్ పోసినా పోదు. అందువల్ల ఆపరేటర్ రాత్రిపూట బ్లోడౌన్ వాల్వు కాగితంలో ఉన్నదానికంటే ఎక్కువ తెరిచే వీలుంది. ఆ వాల్వు మీద మీటరు ఉందా, మీటరు రీడింగు కాలుష్య నియంత్రణ మండలికి నేరుగా పోతుందా అన్నది చూడాల్సిన విషయం.

ఆ నీటిలో పాచి పెరగకుండా వేసే క్లోరిన్ లేదా బ్రోమిన్, ఉప్పుపొర పట్టకుండా వేసే ఫాస్ఫోనేట్లు కూడా ఉంటాయి. ఫాస్ఫరస్ చెరువులో చేరితే నాచు, గుర్రపుడెక్క పెరుగుతాయి.

శుద్ధి చేసిన మురుగునీరు వాడమని మనం అడగొచ్చు, అడగాలి కూడా. కానీ ఎస్‌టీపీ నుంచి వచ్చినది వచ్చినట్టు పనికిరాదు. అందులో అమ్మోనియా ఉంటే రాగి ట్యూబులను తింటుంది. నైట్రిఫికేషన్ (అమ్మోనియాను నైట్రేటుగా మార్చడం), ఆపైన అల్ట్రాఫిల్ట్రేషన్, ఆర్ఓ పెట్టాలి. ఆర్ఓ పెడితే లోపలికి పోయిన నీటిలో పాతిక శాతం వరకు ఉప్పునీరుగా తిరిగి వస్తుంది, దాన్ని ఎక్కడ ఎండబెడతారో అడగాలి. ఎవాపరేటర్ (వేడి చేసి ఆవిరి చేసే యంత్రం) పెడితే సరే. "సోలార్ పాండ్" (ఎండకు ఆరబెట్టే మడుగు) అంటే వానకాలంలో పొంగి కాల్వలోకి పోతుంది.

మత్తడి

నీటిపరీక్ష అక్క చెప్పింది చెరువుల లెక్కల చూడాలె. మనయి కాకతీయులనాటి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి పోస్తే కింది కుంట నిండుతది, అది పోస్తే ఇంకో ఊరి చెరువు. పై కుంటల కలిసింది ఏ ఊరికి పోతదో మ్యాప్‌ల చూస్తే తెలుస్తది. అనుమతి ఇచ్చేటప్పుడు ప్లాంటున్న ఊరినే అడుగుతరు, కింది ఊర్లను అడగరు. చేప పిల్లలను పోసుకున్న మత్స్య సహకార సంఘం కింది ఊరిదైతే వాళ్ల అభ్యంతరం గూడ లెక్కలకు రావాలె.

ఇంకోటి. చదును చేసేటప్పుడు కట్టు కాల్వ పూడ్సుడు. 60, 70 ఎకరాలు మట్టి పోసి లేపితే వాన నీళ్లు చెరువులకు పోయే వాలు మారిపోతది. పక్క పొలాలు మునుగుతయ్, చెరువు నిండది. గ్రామ నక్షల ఉన్న ప్రతి వాగు, ఒర్రె, కట్టు కాల్వ ప్లాంటు లేఅవుట్‌ల కనపడాలె.

ఆళ్లు వాన నీళ్లు పడుతం అంటరు. పైకప్పు 5 ఎకరాలు, ఏడాదికి 1,000 మిల్లీమీటర్ల వాన, 85 శాతం పట్టినా 1.7 కోట్ల లీటర్లు. రోజుకు 16 లక్షలకు పదిరోజులే. పట్టాలె, మంచిదే. దాన్ని చూపిచ్చి నీళ్ల కేటాయింపు అడుగుడు బంద్ చెయ్యొద్దు.

కోమటిపల్లి

శబ్దం గురించి ఎవరూ రాయలేదు. ఊరికి ఎంత దూరంలో ఉండాలి?

చిల్లర్‌రూమ్

నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్, 2000 నాటి శబ్ద నిబంధనలు. అడ్డం లేని చోట దూరం రెట్టింపయితే 6 డెసిబెల్స్ తగ్గుతుంది. చిల్లర్ల వరుస నుంచి 30 మీటర్ల దగ్గర 70 ఉంటే 60 దగ్గర 64, 120 దగ్గర 58, 240 దగ్గర 52, 480 దగ్గర 46. అంటే గోడ, మట్టికట్ట లాంటివి లేకపోతే అర కిలోమీటరు దూరంలో కూడా రాత్రి పరిమితికి పైనే. ఊరి రాత్రి 35, 40 దగ్గర ఉంటుంది కాబట్టి ఆ గుయ్యిమనే మోత స్పష్టంగా వినపడుతుంది. ఫ్యాన్ల మోతలో లావు స్వరం ఎక్కువ, అది గోడలు దాటుతుంది. మామూలు మీటరు "ఏ" స్కేలులో అది తక్కువ చూపిస్తుంది. "సి" స్కేలులో కూడా కొలవండి, రెండింటికీ 20 దాకా తేడా ఉంటే నిద్ర పట్టని మోత అదే.

డీజిల్ జనరేటర్లు వేరు. 40.5 మెగావాట్లకు 2,000 కేవీఏవి 26, స్టాండ్‌బైతో కలిపి 30 దాకా ఉంటాయి. కరెంటు పోతేనే నడుస్తాయి అనుకోవద్దు. నెలకోసారి ఒక్కోదాన్ని లోడు మీద పరీక్షిస్తారు. లోడు 30 శాతం కంటే తక్కువ పెట్టి నడిపితే డీజిల్ పూర్తిగా కాలక సైలెన్సర్‌లో తడి మసి పేరుకుంటుంది, తర్వాత పూర్తి లోడు పడినప్పుడు నల్లటి పొగ ఊరి మీదికి వస్తుంది. పరీక్షలు పగలే, ఒకటి తర్వాత ఒకటి, సరైన లోడు బ్యాంకుతో (పరీక్ష కోసం లోడు పెట్టే యంత్రం) చేయాలని షరతు పెట్టించండి. అన్నీ నడిస్తే గంటకు 11 వేల లీటర్ల డీజిల్. 12 గంటల నిల్వంటే 1.3 లక్షల లీటర్లు, దానికి పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) లైసెన్సు ఉండాలి. ట్యాంకుల చుట్టూ కారితే ఆపే గోడ ఉండాలి, లేకపోతే కారింది నేరుగా భూగర్భ జలంలోకే.

పట్టాపహాణీ

అనుమతుల దారి తెలియకపోతే ఈ లెక్కలన్నీ ఎవరికి ఇవ్వాలో తెలియదు.

2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ జాబితాలో డేటా సెంటర్ అనే పేరే లేదు. కట్టడం విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే భవన నిర్మాణం కింద పర్యావరణ అనుమతి కావాలి. ఆ కేటగిరీకి ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఉంది. అంటే క్వారీకో, సిమెంటు ఫ్యాక్టరీకో జరిగినట్టు టెంటు వేసి కలెక్టర్ ముందు మాట్లాడించే సభ దీనికి జరగదు. ఆ సభ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే పని అయిపోతుంది.

పట్టుకోవాల్సింది కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే స్థాపన అనుమతి, సీఎఫ్ఈ. షరతులన్నీ అందులో వస్తాయి, ఆ తర్వాత నడిపే అనుమతి సీఎఫ్ఓలో అవే కొనసాగుతాయి. దరఖాస్తు పడిందని తెలియగానే గ్రామసభ తీర్మానం చేసి ప్రాంతీయ కార్యాలయానికి, కలెక్టర్‌కు పంపండి. తీర్మానంలో "వ్యతిరేకిస్తున్నాం" అని ఒక్క వాక్యం రాస్తే ఫైలులో పడి ఉంటుంది. అత్యంత వేడి రోజు నీటి పరిమాణం, వనరు పేరు, బోరు, టాంకరు నిషేధం, బ్లోడౌన్ మీటరు, రాత్రి శబ్దం, జనరేటర్ పరీక్ష వేళలు, ఇలా ఒక్కో అంకె రాస్తే ప్రతి దానికీ జవాబు ఇవ్వాల్సి వస్తుంది.

దరఖాస్తు కాగితాలు సమాచార హక్కు కింద తీసుకోవచ్చు. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. గడువు 30 రోజులు. అడిగేటప్పుడు "వివరాలు ఇవ్వగలరు" అని రాయకండి. "నీటి సమతుల్య పట్టిక, నీటి కేటాయింపు లేఖ, సీఎఫ్ఈ దరఖాస్తు జతలు, సబ్‌స్టేషన్ లోడ్ ఫ్లో అధ్యయనం, వీటి నకళ్లు" అని కాగితం పేరుతో అడగండి.

పన్నుల సంగతి. భూమి టీజీఐఐసీ (రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ) పార్కులో ఉంటే ఆస్తి పన్ను వసూలు చేసేది పంచాయతీ కాదు, పార్కు స్థానిక అథారిటీ. అందులో పంచాయతీకి వచ్చేది 35 శాతం. విద్యుత్ సుంకం యూనిట్‌కు 6 పైసలు, రోజుకు 9.72 లక్షల యూనిట్ల మీద 58 వేల రూపాయలు, ఏడాదికి 2.1 కోట్లు. మినహాయింపు ఇవ్వకపోతే అది రాష్ట్రానికి పోతుంది, ఊరికి కాదు. "ఊరు బాగుపడుతుంది" అనే మాట విన్నప్పుడు ఏ పద్దు కింద, ఎవరి ఖాతాలోకి అని అడగాలి.

కోమటిపల్లి

ఉద్యోగాలు?

పట్టాపహాణీ

కట్టేటప్పుడు వందల మంది, రెండేళ్లలోపు అయిపోతుంది. నడిచేటప్పుడు షిఫ్టుల వారీగా ఎలక్ట్రీషియన్లు, చిల్లర్ టెక్నీషియన్లు, జనరేటర్ ఆపరేటర్లు, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్. విస్తీర్ణం చూసి బట్టల మిల్లు అంత మంది అనుకోవద్దు. స్థానికులకు నిజంగా దక్కేవి ఐటీఐ చదివి, వైర్‌మ్యాన్ పర్మిట్ ఉన్నవాళ్లకు. పునాది పడిన రోజే ఐటీఐలో శిక్షణ మొదలుపెడితే రెండేళ్లకు మనిషి తయారవుతాడు. గేటు తెరిచాక అడిగితే సెక్యూరిటీ, తోటపని మిగులుతాయి.

ధర్మసాగర్‌కట్ట

బోరుపాయింట్ సార్, మీరు "కారణం ఫలానా అని చూపించడం కష్టం" అన్నారు. ఊరివాళ్లే ముందు నుంచి కొలిచి పెట్టుకునే దారి ఉందా?

బోరుపాయింట్

ఉంది, ఖర్చు కూడా పెద్దగా లేదు. రెండు కోర్ల సన్న వైరు 100 మీటర్లు, ఒక మల్టీమీటరు, ఇన్సులేషన్ టేపు చాలు.

వైరు చివర రెండు తీగలను అంగుళం మేర ఒలిచి, ఒకదానికొకటి తగలకుండా అర సెంటీమీటరు ఎడం పెట్టండి. నిటారుగా దిగడానికి పక్కన ఒక పెద్ద ఇనుప నట్టు కట్టండి, తీగలకు మాత్రం తగలనీయకండి. ప్రతి మీటరుకు టేపు చుట్టండి, ప్రతి పది మీటర్లకు వేరే రంగు. పై చివర మల్టీమీటరుకు పెట్టి బజర్ గుర్తు మీద ఉంచండి. తీగలు నీటిని తాకగానే కూస్తుంది. కొన్ని మీటర్లు నీటిలో కూయవు, అలాంటప్పుడు ఓమ్స్ మీద పెట్టి అంకె ఒక్కసారిగా పడిపోయే చోటు చూడండి.

మోటారు ఆపి కనీసం నాలుగు గంటలు ఆగాక, తెల్లవారుజామున కొలవడం మేలు. పక్క బోర్లు కూడా ఆగి ఉండాలి. కేసింగ్ పైఅంచు నుంచి లోతు రాయండి, ఆ అంచు నేలకు ఎంత ఎత్తుందో కూడా ఒకసారి రాసి పెట్టండి. తేదీ, సమయం, ముందు రోజు మోటారు ఎన్ని గంటలు నడిచిందీ పక్కనే.

మత్తడి

బోరుల మోటర్ పైపు, కేబుల్ ఉంటయ్ గద. వైరు చిక్కుకుంటే మోటర్ గుంజాల్సి వస్తది.

బోరుపాయింట్

నిజమే, అందుకే నడిచే బోరులో నేరుగా వదలొద్దు. మోటారు ఎప్పుడైనా రిపేరుకు పైకి తీసినప్పుడు ముప్పావు అంగుళం పీవీసీ పైపును మోటారు పైపుతో పాటు కట్టి దించండి, అడుగు తెరిచి ఉండాలి. వైరు ఆ పైపులోనే దిగుతుంది. అప్పటిదాకా మోటారు లేని పాత బోర్లు, చేదబావులు తీసుకోండి. కేసింగ్ గోడల మీద కారే నీటికి కూడా బజర్ కూస్తుంది. వైరు చివరకు బాల్‌పెన్ గొట్టం ముక్క తొడిగి తీగల కొనలు లోపలే ఉండేలా పెడితే ఆ తప్పు రాదు.

ప్లాంటు స్థలం చుట్టూ రెండు కిలోమీటర్లలో నాలుగు దిక్కులా కలిపి 10, 12 చోట్లు. ఐదారు కిలోమీటర్ల అవతల, వేరే చెరువు కింద ఇంకో రెండు తీసుకోండి. వాన తక్కువై అన్నీ దిగాయా, ఇక్కడివే దిగాయా అన్నది ఆ రెండే చెప్తాయి. నెలకోసారి కుదరకపోతే మే చివర, నవంబర్ మొదట్లో తప్పకుండా. మండలంలో భూగర్భ జల శాఖ పీజోమీటరు (నీటిమట్టం కొలిచే బోరు) ఉంటే దాని నెలవారీ అంకె కూడా పక్కన రాసుకోండి, మీ కొలత దానితో పాటు ఎక్కి దిగుతుంటే ఎవరూ కొట్టిపారేయలేరు. నోటుబుక్కులో ప్రతి పేజీ మీద పంచాయతీ కార్యదర్శితో తేదీ వేయించి సంతకం తీసుకోండి. పునాది తవ్వకముందు రెండు ఎండాకాలాల రీడింగులు ఉండాలి, అంటే ప్రతిపాదన వినపడిన నెలలోనే మొదటి కొలత పడాలి.